ముక్కు దగ్గర అతుకు

మా బావ ఇంతవరకూ విమానం ఎక్కలేదు. ఆ మాట ఎత్తితే మా అక్క నవ్వాపుకోలేదు. ఆవిడ చీరలు ట్రంకుపెట్టెలో మగ్గుతుంటే, అద్దాల బీరువాలో పాత పైలట్ల హెల్మెట్లు, లైఫ్ జాకెట్లు, ఆక్సిజన్ మాస్కులు కొలువుతీరి ఉంటాయి మరి.

“విమానం పోతుంటే అందరూ రెక్కలు చూస్తారు. ఈయనకేమో లోపలున్నవాడు గాలెలా పీలుస్తున్నాడా అని దిగులు,” అంటుంది అక్క.

నిజమే, చిన్నప్పటి నుంచీ బావకి అదే ధ్యాస. పంక్చర్ల షాపు నడుపుతూనే, తుక్కు కొట్లన్నీ గాలించి ఇవన్నీ పోగేశాడు. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు చరిత్ర వస్తుంది. తొలి రోజుల్లో పైలట్లు గొట్టాన్ని పళ్ల మధ్య పట్టుకుని ఆక్సిజన్ పీల్చేవాళ్లట, మాస్కులు ఆ తర్వాత వచ్చాయట. నేనైతే గుమ్మంలోనే పని చెప్పేసి జారుకుంటాను.

కొత్త మాస్కు దొరికితే ముందు తనే పెట్టుకుంటాడు. గొట్టం చివర అరచేత్తో మూసి ఊపిరి లాగుతాడు. మాస్కు మొహానికి అతుక్కుంటే సరే, గాలి దూరితే ఎక్కడో లోపమున్నట్టు. మూతపడిన ఒక ఎయిర్ బేస్ తుక్కులో దొరికిన మాస్కు ఆ పరీక్షలో తప్పింది. ముక్కు పైన రబ్బరు అంచు నెలవంకలా తెగి ఉంది. సందు కనబడితే బావ చెయ్యి ఊరుకుంటుందా? రబ్బరు అతికి, గరుకు కాగితంతో రుద్ది, అతుకే తెలియకుండా చేశాడు. బీరువాలో నడిమి అర దానికే ఇచ్చాడు. ఎవరొచ్చినా ముందు అదే చూపించి మురిసిపోయేవాడు.

ఈ మాస్కుల గురించి పత్రికలో వేసిన బావ ఫోటో చూసి, ఒక ఆదివారం నేనూ అక్కడ ఉండగా ఒక పెద్దావిడ వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ల నాన్న ఆ ఎయిర్ బేస్‌లోనే పైలట్ట. ఆవిడ పుట్టకముందే జ్వరంతో పోయాడు. ఆయన వాడిన సామానంతా స్టోరుకి తిరిగి వెళ్లిపోయింది.

“ఫోటోలు తప్ప మా నాన్నవి ఇంట్లో ఏమీ లేవండి. ఆయనకీ నాలాగే ముక్కుదూలం ఎత్తు. మాస్కు సరిగ్గా కూర్చోవట్లేదని అక్కడ రబ్బరు కొంచెం కోయించుకున్నారని అమ్మ చెప్పేది. అలాంటిది మీ దగ్గరుందేమోనని...”

బావ బీరువా వైపు తిరిగాడు. నడిమి అరలో మాస్కు నున్నగా మెరుస్తోంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఊరుకుంటాడేమోనని నాకు భయమేసింది.

“ఉండేదమ్మా,” అన్నాడు చివరికి. “తెగిపోయిందనుకుని నేనే పూడ్చేశాను.”

బ్లేడు తెచ్చి తన పనితనాన్ని తనే కోశాడు. అతుకు ఊడివచ్చాక చూస్తే, పాత అంచు తెగినట్టు లేదు, ఎవరో కొలిచి కోసినట్టు ఉంది.

“అప్పుడెలా చూడలేదో!” అని గొణుక్కున్నాడు.

ఆవిడ మాస్కు పెట్టుకుని, బావ చెప్పినట్టు గొట్టం మూసి ఊపిరి లాగింది. ఎక్కడా గాలి దూరలేదు. చెయ్యి తీశాక కూడా మాస్కు తియ్యలేదు. పైన కళ్లు నిండిపోయి ఉన్నాయి.

“తీసుకెళ్లండమ్మా, అది మీదే,” అని బావ దాన్ని మెత్తటి పాత చొక్కాలో చుట్టి ఇచ్చాడు.

ఆవిడ వెళ్లాక అక్క అన్నానికి పిలిచింది. బావ కదల్లేదు. మిగిలిన మాస్కులు ఒక్కొక్కటీ కిందికి దించి, తను అతికిన చోట్లు వేళ్లతో తడుముతున్నాడు.

“వీటన్నిటినీ నా మొహానికే సరిచేశాను కదరా,” అన్నాడు నాతో.