నురగ దగ్గర నిలబడ్డ మనిషి

మొన్న ఆసుపత్రిలో నేల తుడుస్తుంటే పైన్ నూనె వాసన గుప్పుమంది. బెంచీ మీద అందరూ ముక్కు మూసుకున్నారు. నేను లేచి నిలబడ్డాను. ఆ వాసన తగిలితే నేను కూర్చోలేను. పురుషోత్తం గారు గుర్తొస్తారు.

అరవైల మొదట్లో బందరులో, చిలకలపూడి దగ్గర, రైసుమిల్లు యంత్రాలు చేసే చిన్న వర్క్‌షాపులో పనిచేసేవాళ్ళం. ఆయన ఇంజనీరు, నేను డ్రాయింగులు గీసేవాణ్ణి. ఎక్కడో కొండల్లో బంగారం, వెండి తీసే గనికి ప్లాంటు డిజైను చేసే పని మా నెత్తిన పడింది. చుట్టూ అందరూ రోల్డుగోల్డు నగలు చేసుకుంటుంటే మేం అసలు బంగారం తీస్తామని బయల్దేరాం, నవ్వరూ మరి? రాయిని పిండి చేసి, నీళ్ళలో పైన్ నూనె, మందులు కలిపి గాలి కొడితే బంగారం, వెండి ఉన్న రేణువులు నురగకు అంటుకుని తేలుతాయి. నమూనా తొట్టి దగ్గర ఆ నురగ చూస్తూ ఆయన రోజంతా నిలబడేవారు. కాఫీ, భోజనం కూడా నిలబడే. ఆయన కూర్చోగా చూసిన పాపాన పోలేదు నేను.

"నీళ్ళ గొట్టం ఎక్కణ్ణించి గీయమంటారండీ?" అనడిగాను.

"గని పక్కన వాగుందిగా, అక్కణ్ణించి తెచ్చెయ్. వాడేసింది డ్రెయిన్లోకి వదిలెయ్."

డెల్టాలో పుట్టినవాళ్ళం. మాకు వాగన్నా కాలువే. ఆ నీళ్ళు ఎవరికైనా తక్కువవుతాయన్న అనుమానమే ఇద్దరికీ రాలేదు.

ఎండాకాలం ఎప్పట్లాగే కాలువ కట్టేశారు. బందరు బావుల్లో ఉప్పునీళ్ళు. దాచుకున్న కాలువనీళ్ళతో మేం పరీక్ష చేస్తుంటే పక్కింటి అప్పాయమ్మ ఖాళీ బిందెతో వచ్చి నిలబడింది.

"తాగడానికి లేక మేం ఏడుస్తుంటే, మీరు రాళ్ళు కడుగుతున్నారా బాబూ?"

ఉన్న నీళ్ళు ఆమె బిందెలో పోయించి, ఆయన నా డ్రాయింగు ముందు నిలబడిపోయారు. "కాలువ కొన్నాళ్ళు కట్టేస్తేనే మన గతి ఇలా ఉంది. ఆ వాగంతా మనం తాగేస్తే ఆ ఊరివాళ్ళ బావి ఏమవుతుందయ్యా?"

ఈ మాట చెబితే వర్క్‌షాపు యజమాని మండిపడ్డాడు. "వాళ్ళ నీళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. డ్రాయింగులు పంపండి, లేదా వేరే ఉద్యోగం చూసుకోండి."

"చూసుకుంటానండి. దీని మీద మాత్రం నా సంతకం ఉండదు," అన్నారాయన, అంతే.

ఇంజనీరు సంతకం లేనిదే డ్రాయింగులు చెల్లవు గనక యజమాని తగ్గాడు. వాడిన నీళ్ళనే మళ్ళీ వాడాలని పురుషోత్తం గారు పట్టుబట్టారు. మురికికి నురగ చచ్చిపోయేది. యజమాని రోజూ గుమ్మంలో నిలబడి సణిగేవాడు. చివరికి ఆ నీళ్ళను గాబుల్లో తేరనిచ్చి, పైన్ నూనె తగ్గించి చూస్తే నురగ నిలిచింది. డ్రెయిను గీత చెరిపేసి, నీళ్ళు తేరుకునే పెద్ద తొట్టి, వెనక్కొచ్చే గొట్టం గీశాను. వాగు నుంచి తెచ్చేది, ఆవిరైపోయిన దానికీ మడ్డితో పోయిన దానికీ సరిపడా మాత్రమే. అప్పుడు ఆయన సంతకం పెట్టారు, నిలబడే.

ప్లాంటు బిగించడానికి నన్నే పంపారు. మరుసటి వేసవి దాకా అక్కడే ఉండి తిరిగొస్తే, బంగారం ఎంత వచ్చిందని వర్క్‌షాపంతా నన్ను చుట్టుముట్టింది. ఆయన జనాన్ని తోసుకుంటూ వచ్చారు.

"ఊరి బావిలో నీళ్ళున్నాయా?"

"ఉన్నాయండి. బయల్దేరే ముందు నేనే చేదేసి తోడుకు తాగాను."

ఆయన పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నారు.

ఇప్పటికీ ఏదైనా పని ముగిస్తే అందరూ బాగుందంటారు. దానివల్ల ఎవరి బావైనా ఎండిందా అని అడిగే మనిషి మాత్రం లేరు. నన్ను నేనే అడుగుతాను. జవాబు తెలిసేదాకా నాకూ కూర్చోబుద్ధి కాదు.