ముప్పై ఆరు ఎర్ర గుర్తులు

ఎనిమిదేళ్ల క్రితం చేయవలసిన ఒక లెక్కను నేను చేయలేదు. ముప్పై ఆరును తొమ్మిదితో భాగించాలి. నాలుగు వస్తుంది, శేషం సున్న. మూడో తరగతి లెక్క. దాని బరువు తెలిసి అయిదేళ్లు అయింది. ఈ అయిదేళ్లలో ఒక్కరికీ చెప్పలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఎప్పుడో చెప్పి ఉండేవాణ్ణి.

మదనపల్లెలో ఒక మేడ మీద నాకు రెండు గదుల రికార్డింగ్ స్టూడియో ఉంది. భజన బృందాల పాటలు, బడుల వార్షికోత్సవాలకు ట్రాకులు, ఆటోల మీద ఊరంతా తిరిగే ప్రకటనలు, ఇవే నా పని. ప్రతిరోజూ డైరీ రాస్తాను. ఏ పాట ఎన్ని నిమిషాలు, ఎన్ని టేకులు, ఏ మైకు వాడాను, అన్నీ అందులో ఉంటాయి. ఎవరు ఎక్కడ తప్పు పాడారో కూడా ఉంటుంది. నా తప్పు మాత్రం ఒక్క పేజీలోనూ లేదు.

ఈ వారం నా కంప్యూటరు మొండికేసింది, కొత్తది కొనక తప్పలేదు. దానితో పాటు రికార్డింగ్ సాఫ్ట్‌వేరు కూడా మార్చాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. ఇదే ప్రశ్నను వెనక ఒకసారి ఎలా తేల్చుకున్నానో చూద్దామని ఎనిమిదేళ్ల నాటి డైరీ తీశాను. నిజానికి ఎలా తేల్చుకున్నానో నాకు గుర్తుంది. మరి ఎందుకు తీశాను?

ఆ పేజీలో పట్టిక ఉంది. ఒక వైపు పాత సాఫ్ట్‌వేరు, మరో వైపు కొత్తది, మధ్యలో పదమూడు అంశాలు. ఎంతసేపట్లో తెరుచుకుంటుంది, ఎన్ని ట్రాకులు దాటితే మొరాయిస్తుంది, ఫ్యాను చప్పుడును ఎంతవరకు తీసేస్తుంది, ఫైలుకు తెలుగులో పేరు పెడితే నిలుస్తుందా లేక ఖాళీ డబ్బాలుగా మారుతుందా. పాతది ఆరింటిలో నెగ్గింది. కొత్తది ఆరింటిలో నెగ్గింది. మిగిలింది పదమూడోది: గొంతు సవరణ.

ఆ సౌకర్యం పాతదానిలో లేదు. కొత్తది పాడిన గొంతును తెర మీద గీతగా చూపేది. స్వరం తన మెట్టు మీద సరిగ్గా నిలవకపోతే అక్కడ ఎర్ర గుర్తు పడేది. ఒక్క మీట నొక్కితే ఆ స్వరం వెళ్లి మెట్టు మీద కూర్చునేది. దాన్ని పరీక్షించడానికి వాయిద్యాలు లేని ఒంటరి గొంతు కావాలి. ఆ వారమే రికార్డు చేసిన గంగులమ్మ పాట నా దగ్గర ఉంది.

గంగులమ్మది కురబలకోట మండలంలో ఒక పల్లె. గొర్రెలు కాచే కుటుంబం. పొలంలో మంద నిలిపేటప్పుడు పాడే పాటను ఆమె అత్తగారి దగ్గర నేర్చుకుంది. తొమ్మిది చరణాలు. అన్నీ తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల ఇక ఆమె ఒక్కతేనని, పాట పోకుండా ఉండాలని కూతురు నా దగ్గరికి పిలుచుకొచ్చింది. పోకుండా ఉండడానికి. ఆ మాట నేను డైరీలో రాసుకున్నాను కూడా.

పాటను కొత్త సాఫ్ట్‌వేరులో వేశాను. ఎర్ర గుర్తులు పడ్డాయి. లెక్కపెట్టాను. ముప్పై ఆరు. మొత్తం రాసుకుని కింద గీత గీశాను. మీట నొక్కాను. ముప్పై ఆరూ మాయమయ్యాయి. పదమూడో అంశంలో కొత్తదానికి టిక్కు పెట్టాను.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. పట్టిక వేయకముందే నేను కొత్తదాన్ని కోరుకున్నాను. పాతదానితో విసిగిపోయి, మార్చడానికి ఒక కారణం వెతుకుతున్నాను. అవి తప్పులైతేనే సవరణకు విలువ, సవరణకు విలువ ఉంటేనే పదమూడో టిక్కు. ఆ గుర్తులు తప్పులు కావలసిన అవసరం గంగులమ్మకు లేదు, పాటకూ లేదు, నాకు ఉంది. అదే పేజీ అంచున చిన్న అక్షరాలతో ‘ఎర్ర గుర్తు పడిన చోటే వినడానికి బాగుంది’ అని రాసి, కొట్టేసి ఉన్నాను. చిన్నప్పుడు హార్మోనియం మీద సంగీతం నేర్చుకున్నవాణ్ణి. రెండు మెట్ల మధ్య నిలిచే స్వరానికి హార్మోనియంలో మెట్టు ఉండదు. నా చెవి బాగుందన్నదాన్ని నా చదువు కొట్టేసింది. ఇది నిజమేనా, లేక ఇప్పుడు నా మీద జాలితో కల్పించుకున్న కారణమా? తెలియదు.

డిస్కు నిండిపోతోందని సవరించినదాన్ని ఉంచి అసలు రికార్డింగును చెరిపేశాను. పరీక్ష కోసం విడిగా తీసిన మొదటి చరణం, నలభై రెండు సెకన్లు, ఒక మూల మిగిలిపోయింది.

గురువారం పగలు పదకొండు గంటలకు గంగులమ్మ వినడానికి వచ్చింది. మొదటి చరణం ముగియకముందే తల ఎత్తింది.

“ఇది నేనేనా అప్పా? ఆడ నా గొంతు అట్ల పోదే.”

“ఆడాడ జారింది అవ్వా. నేను సరిచేసినా. ఇదో సూడు, ఎర్రగా ఉండేటివన్నీ తప్పులే.”

చెరపకముందే ఫొటో తీసి ఉంచుకున్న పాత గీతను తెర మీద చూపించాను. ఆమె దగ్గరికి వంగి, వేలు ఆనించకుండా ఒక్కొక్కదాన్నీ చూసింది.

“ఇన్నా? మాయత్త గూడా ఇట్లే పాడతా ఉండె. అయితే ఆయమ్మ పాడిందీ తప్పేనా?”

నేను నవ్వాను. “ఆ కాలంలో ఈ మిషను లేకపాయె కదవ్వా, తప్పు పట్టుకునేకి.”

ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఎంత ఆలస్యంగా వచ్చిందో నా డైరీలో లేదు.

తర్వాత కూతురు ఫోను చేసి చెప్పింది. అమ్మ మంద దగ్గర పాడడం మానేసిందట. ఫోనులో నేను సవరించిన పాట పెట్టుకుని, గొర్రెల వెనక నడుస్తూ, ఒక్కొక్క చరణాన్నే దిద్దుకుంటోందట. నాకు సంతోషం వేసింది. రాసుకున్నాను. పుంగనూరులో మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే ఒక దుకాణం నుంచి ఆ పాట ఊళ్లు దాటిపోయింది. ఆ సంగతి కూడా గర్వంగానే రాసుకున్నాను.

మూడేళ్ల తర్వాత కుప్పం దగ్గరి ఒక పల్లెకు ఒక భజన బృందం కోసం మైకులతో వెళ్లాను. పని అయ్యాక అక్కడివాళ్లు మునెమ్మ అనే ముసలామెను అదే మంద పాట పాడమని తెచ్చి కూర్చోబెట్టారు. ఆమె కూడా గొర్రెల కాపరే. గంగులమ్మను ఎన్నడూ చూసినది కాదు. పాడకముందే నన్ను క్షమించమన్నట్టు చేతులు జోడించింది. “మాది రవంత తప్పుగా ఉంటాది అప్పా. కార్డులో వచ్చేదే సరైంది. దాన్ని పెద్ద మిషన్లో జేసినారంట.”

ఆమెకు మూడు చరణాలే వచ్చు. ప్రతి చరణంలో నాలుగు చోట్ల ఆమె గొంతు మెట్టు దిగకుండా, ఎక్కకుండా మధ్యలో నిలిచింది. అవే నాలుగు చోట్లు.

నేను మైకు తీగలు చుట్టుకుంటూ ఉండిపోయాను. మీదే సరైంది అనడానికి నోరు తెరిస్తే, మరి కార్డులోది ఎవరు చెడగొట్టారన్న ప్రశ్న వస్తుంది. తిరుగు ప్రయాణంలో పుంగనూరు బస్టాండులో బస్సు ఆగినప్పుడు, టికెట్టు వెనక ఆ భాగహారం చేశాను. తొమ్మిది చరణాలు, ముప్పై ఆరు గుర్తులు. చరణానికి నాలుగు, శేషం సున్న. గొంతు జారితే ఒకసారి ఇక్కడ జారుతుంది, ఇంకొకసారి అక్కడ జారుతుంది. తొమ్మిదిసార్లూ అదే చోట నిలిచేదాన్ని తప్పు అనరు. మొత్తాలు వేయడంలో ఎన్నడూ పొరపడని నేను పట్టిక వేసిన రోజు మొత్తం దగ్గరే ఆగిపోయాను.

ఆ నెలలోనే గంగులమ్మ ఇంటికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. మిగిలిన నలభై రెండు సెకన్లను ఫోనులో వేసుకున్నాను. నన్ను చూడగానే ఆమె, అడగకముందే, దొడ్డి గోడకు ఆనుకుని మొదటి చరణం పాడింది. నాలుగు చోట్లా స్వరం మెట్టు మీద కూర్చుంది. చాలా శ్రమపడి ఉండాలి.

“ఇప్పుడు సక్కంగా ఉండాదా అప్పా?”

నేను ఫోను తీసి ఆమె పాత గొంతు వినిపించాను. వింటే ఆమెకే తెలుస్తుందనుకున్నాను. నేను చెప్పనక్కర్లేకుండా పోతుందనుకున్నాను. ఆమె కొంగుతో నోరు కప్పుకుంది.

“ఇది ఇంకా పెట్టుకోనుండావా? చెరిపేయప్పా. ఎవురన్నా ఇంటే నవ్వుతారు.”

అప్పుడు ఒక్క వాక్యం చెప్పవలసింది. అది నా నోటిలోనే ఉంది. ఆ వాక్యం చెబితే ఆమె ఏళ్ల తరబడి గొర్రెల వెనక నడుస్తూ దిద్దుకున్నదంతా వృథా అయిపోతుంది. మొదటి పాటను ఒకసారి లాక్కున్నాను, ఇప్పుడు రెండోదాన్ని కూడా లాక్కోవాలా? అలా అనుకున్నాను. దయ అనుకున్నాను. బహుశా భయమే.

“సరే అవ్వా, చెరిపేస్తా” అన్నాను.

చెరపలేదు. ఫోనులోది ఆ ఫోనుతోనే పోయింది. కొత్త కంప్యూటరు నిన్న వచ్చింది. మిగతా ఫైళ్లన్నీ ఎక్కించాను. ఆ నలభై రెండు సెకన్లు పాతదానిలోనే ఉన్నాయి. కొత్తదానిలోకి తీసుకువెళ్తే ఆమెకు ఇచ్చిన మాట తప్పుతాను. వదిలేస్తే, ఆమె అత్తగారి పాటలో ఆ గొంతుతో మిగిలిన ఒక్క చరణం కూడా పోతుంది. ఈసారి కూడా పట్టిక వేయబోయాను. రెండు గడులు గీసి పెన్ను కింద పెట్టాను. ఏ గడిలోనూ రాయడానికి ఏమీ దొరకలేదు.

గంగులమ్మ బతికే ఉంది. బస్సెక్కితే గంట ప్రయాణం. రేపు వెళ్తానని మీకు మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో ఇప్పుడు మీకు తెలుసు. కానీ ఆ రోజు దొడ్డి దగ్గర చెప్పలేకపోయిన వాక్యాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఒక్కసారైనా నా చేతితో రాసి ఉండాలి.

అవ్వా, నువ్వు తప్పు పాడలేదు. మీ అత్త కూడా తప్పు పాడలేదు. తప్పు అన్నది నేను.