కరెంటు పోయినప్పటి పాట

జగిత్యాలలో చదివే మా మనవరాలు నిన్న ఫోనులో ఒక వీడియో చూపింది; వాళ్ల బడికి వచ్చిన సంగీత దర్శకుడు పిల్లలతో, టీచర్లతో కలిసి కొత్త పాట కడుతున్నాడట, ఎవరి గొంతు ఎక్కువైనా కంప్యూటరు మీద వేలితో తగ్గిస్తున్నాడు. చూస్తుంటే, నేను సిరిసిల్లలో లెక్కల టీచరుగా చేరిన మూడో ఏడు గుర్తుకొచ్చింది.

మన కాలంలోనూ అలాంటి పని జరిగిందంటే ఇప్పటివాళ్లు నమ్మరు కానీ, ఆ ఏడు పట్నం నుంచి ఒక స్వరకర్త మా బడికి వచ్చి వారం రోజులున్నారు. మాటలు పిల్లలవి, వరుస ఆయనది, తాళం లెక్క చూసే పని నాది, ఎందుకంటే లెక్క తప్పితే నాకు అన్నం సహించదని బడిలో అందరికీ తెలుసు. అందరికీ నచ్చిన చరణం ఏడో తరగతి పిల్ల ఒకతె రాసింది. మగ్గాలకు నూలు కండెలు చుట్టే అమ్మను ఒక్కసారి తన దిక్కు చూడమని అడగడం అందులోని సంగతి. తన మాటలు తానే పాడాలని ఆ పిల్ల పట్టు. అయితే మరమగ్గాల మధ్య, అంటే మా సాంచాల చప్పుడులో పెరిగిన పిల్ల కదా, జోలపాటలాంటి ఆ వరుసను కూడా కేకేసినట్టే పాడేది.

"ఇంత గట్టిగా ఎందుకమ్మా, నేను పక్కనే ఉన్నాను కదా" అని ఆయన అంటే, "మా ఇంట్ల గిట్ల అంటెనే ఇనవడ్తది సార్" అంది. ఐదో రోజుకు ఆయన విసిగి, చరణం ఇంకొకరికి ఇద్దామన్నారు. పిల్ల కళ్లనీళ్లు తుడుచుకుని, చివరిసారి పాడతానని అందుకుంది.

సగంలో కరెంటు పోయింది. బడి వెనుక వాడలో సాంచాలన్నీ ఒక్కసారే ఆగాయి. అలాంటప్పుడు అందరి గొంతులూ వాటంతట అవే దిగిపోతాయని ఆ వాడల్లో పెరిగినవాళ్లకు తెలుసు. ఆ పిల్ల గొంతూ అలాగే దిగింది. మిగతా చరణం చెవిలో చెప్పినంత మెత్తగా వచ్చింది. స్వరకర్త హార్మోనియం మీద చేతులు అలాగే ఉంచి వింటూ ఉండిపోయారు.

ఇక పాట మారింది. పిల్లలు బల్లల మీద సాంచాల చప్పుడు వాయించాలి, నేను పదహారు లెక్కపెట్టి చెయ్యి దించగానే కరెంటు పోయినట్టు అందరూ ఆగాలి, ఆ నిశ్శబ్దంలో ఆ పిల్ల పాడాలి. వార్షికోత్సవం నాడు అలాగే పాడింది. వాళ్లమ్మ బిడ్డను దగ్గరికి తీసుకుని, "మెల్లగ పిల్చినా ఇనవడ్డవే బిడ్డా" అంది, అదీ వాడంతా వినేటంత గట్టిగా!

ఇప్పుడు కరెంటు పోవడం అరుదు, సాంచాలూ తగ్గాయి. మనవరాలి పాట బాగుంది, లెక్క కూడా ఎక్కడా తప్పలేదు. అయినా, చప్పుడంతా ఒక్కసారి ఆగి ఒక్క గొంతు మిగిలే ఆ క్షణం కోసం, వీడియో అయిపోయేదాకా నా వేళ్లు ఒళ్లో పదహారు లెక్కపెడుతూనే ఉన్నాయి.