ఎర్ర కుళాయిలో చన్నీళ్లు

కువైట్‌లో వేసవంతా కుళాయిల లెక్క తలకిందులు. మేడమీది ట్యాంకు ఎండకు కాగిపోయి, నీలిగుర్తు కుళాయిలో ఒళ్లు కాలే నీళ్లొస్తాయి. అందుకని హీటరు మీట ఆపేస్తాం. ఇంట్లో నీడపట్టున ఉన్న హీటరులో నీళ్లు చల్లారతాయి కాబట్టి ఎర్రగుర్తు కుళాయి తిప్పితేనే చన్నీళ్లు. జాబ్రియాలో నేను పనిచేసిన ఇంట్లో, మేం మామా అని పిలిచే యజమానురాలి తల్లికి, నడవలేని ముసలామెకు, రెండు వేసవులు ఆ నీళ్లతోనే స్నానం చేయించాను.

అక్టోబరు చివరికి నేనొచ్చి రెండేళ్లు నిండాయి. వచ్చే వారం సెలవు మీద కడపకు ప్రయాణం. ఫోన్లో మా అమ్మది ఒకటే పోరు: "బిడ్డకు నీ మొగమే గుర్తుల్యా. ఈ తూరన్నా రామ్మే."

ఆ సాయంత్రం టీవీలో చెప్పారు, ఉత్తరపు గాలి తిరిగిందనీ, తెల్లారేసరికి ఎండ ఒక్కసారిగా పడిపోయి చలి పట్టుకుంటుందనీ, ముసలివాళ్లు జాగ్రత్తనీ. మామా వెంటనే లేచి వెళ్లి హీటరు మీట వేసిందట. నాకు చెప్పలేదు. బల్లకీ కుర్చీకీ ఎవరైనా చెబుతారా!

పొద్దున ఎర్ర కుళాయి తిప్పి ముందు చెయ్యి పెట్టి చూశాను. గొట్టంలో నిలిచిన నీళ్లు, చల్లగానే ఉన్నాయి. ధారను ముసలామె పాదాల మీదికి తిప్పేసరికి వెనకాల మరిగిన నీళ్లు దూకాయి. ఆమె కేక ఇల్లంతా వినిపించింది. నా చెయ్యీ కాలింది. దాన్ని ఎవరూ చూడలేదు.

ముసలామె ఆసుపత్రి నుంచి కాలికి కట్టుతో తిరిగొచ్చాక, మామా భర్త అందరినీ నిలబెట్టి అడిగాడు, మీట వేసిందెవరని. నేను కాదన్నాను. మామా నేల చూపులు చూస్తోంది. ముసలామె వేలెత్తి నన్ను చూపించింది.

"ఖలాస్. ఆ కాలు మానేదాకా నీకు సెలవు లేదు" అన్నాడాయన.

అందరూ వెళ్లాక ముసలామె నన్ను మంచం దగ్గరకు పిలిచి తల నిమిరింది. "వేసింది నా కూతురే, చూశాను. నిజం చెబితే నువ్వు వెళ్లిపోతావు కదా. నన్నెవరు చూస్తారు?" అంది, ముద్దుగా.

ఆ చెయ్యి విరిచేయాలనిపించింది. కూర్చుని, కట్టు విప్పి ఆమె కాలికి మందు రాశాను.