తపస్సు మాను దిగని తాత

మా చిన్నతనంలో ఏటా ఎండాకాలం కొన్నాళ్ళు మా ఇంట్లో అర్జునుడు కాపురం ఉండేవాడు...

ఆయన మా తాత మునస్వామి. ఐరాల దగ్గర మా ఊళ్ళో, ద్రౌపదమ్మ గుడి ముందు భారతం జరిగేది. పగలు హరికథ, రాత్రి నాటకం. అందులో ఒకరోజు అర్జున తపస్సు. కొబ్బరిచెట్టును మించిన మాను ఒకటి నాటి, మెట్లలాగా కట్టెలు దిగ్గొట్టి, పైన చిన్న మంచె కట్టేవాళ్ళు. అర్జునుడి వేషం కట్టిన మనిషి పద్యాలు పాడుకుంటూ ఎక్కి, పైన తపస్సు చేసి, నిమ్మకాయలు విసిరేవాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడి చీరలతో మాను చుట్టూ వరపడి, బిడ్డ కోసం నేల మీద సాగిలపడి ఉండేవాళ్ళు. నిమ్మకాయ కొంగులో పడితే కడుపు పండుతుందని నమ్మకం.

మీసం గట్టిపడిన నాటి నుంచీ ఆ మాను ఎక్కేది మా తాతే.

భారతం మొదలైతే ఒంటిపూట భోజనం, చాప మీద పడక. తాతా అని పిలిస్తే పలికేవాడు కాదు. అర్జునా అనాలి... అవ్వ మాత్రం అనేది కాదు. ఒకరోజు ఆయన కళ్ళు మూసుకుని పద్యం వల్లె వేస్తుంటే ఎదురుగా వచ్చి నిలబడింది.

"అర్జునుడివైతే అయినావులే. ఎనుము అరస్తా ఉండాది, లేసి గడ్డెయ్యి."

అర్జునుడు లేచి గడ్డి వేశాడు.

డెబ్బై దాటినా వేషం వదల్లేదు. మాను దిగిన ప్రతిసారీ ఇంక చాలనేవాడు. మళ్ళీ ఏడాదికి పంచె బిగించేవాడు. అలా ఒక ఏడు దిగుతూ కాలు జారి, చేతుల మీద వేలాడాడు. ఆ సాయంత్రమే అవ్వ ఆయన్ను గుడికి లాక్కుపోయి, కర్పూరం ముందు ఒట్టు వేయించింది. ఇక అర్జునుడి వేషం కట్టకూడదు. తాత ఒట్టు వేసి వచ్చి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చేను పోయినా అంత కుంగి ఉండేవాడు కాదు.

ఆ వేషం మా ఇంటి హక్కు. మరుసటి ఏడు మా చిన్నాయన గోవిందు కట్టాల్సి వచ్చింది. ఆయనకు ఎత్తంటే భయమని ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. తాత ముందు నోరెత్తే అలవాటు మా ఇంట్లో అవ్వకు తప్ప ఎవరికీ లేదు. తాత రోజూ పద్యాలు నేర్పించి, గొంతు మేకపిల్లలాగా ఉందని రోజూ తిట్టేవాడు.

తపస్సు రోజు పూతలపట్టు నుంచి కూడా జనం వచ్చారు. చిన్నాయన సగం దాకా బాగానే ఎక్కాడు. అక్కడ ఒక్కసారి కిందికి చూశాడు... అంతే. మానును రెండు చేతులా వాటేసుకుని నిలిచిపోయాడు. పద్యం ఆగిపోయింది. హరికథ చెప్పే భాగవతార్ ఆ పద్యాన్ని తానే అందుకుని పాడాడు. మళ్ళీ పాడాడు. కింద ఆడవాళ్ళ తడి చీరలు ఆరిపోతున్నాయి.

తాత అవ్వ వైపు చూశాడు. అవ్వ పైనున్న కొడుకునే చూస్తోంది. తాత పంచె ఎగ్గట్టి మాను ఎక్కడం మొదలుపెట్టాడు. ముసలాయన కొడుకును దించేసి తానే అర్జునుడవుతాడని జనం గుసగుసలాడారు. మేమూ అదే అనుకున్నాం.

కొడుకు కాళ్ళ కిందికి చేరి ఆగాడు. ఆ మాటలు కింద ఉన్న మా అందరికీ వినపడ్డాయి.

"కిందికి సూడొద్దురా. నా భుజం మింద కాలు పెట్టు."

"నీ మింద కాలు పెట్టేదెట్ల నాయనా? పాపం గదా."

"ఆ పాపం నేను పడతాలే. నువ్వు ఎక్కకుంటే నేను ఎక్కాల్సొస్తాది. మీయమ్మ ఈడనే నా దినాలు సేసేస్తాది."

చిన్నాయన ఏడుపులోనే నవ్వాడు. కాలు పెట్టాడు. మెట్టు మెట్టుకీ తండ్రి భుజం మీద కాలు ఆనించి మంచె చేరాడు. నిమ్మకాయలు పడ్డాయి. కానీ తాత దిగబోతే చిన్నాయన ఒప్పుకోలేదు. నువ్వు దిగితే నేనూ దిగేస్తానన్నాడు. తాత మంచె కిందనే మానును పట్టుకుని ఉండిపోయాడు.

ఇప్పుడు చిక్కు భాగవతార్‌కు వచ్చింది. మాను మీద ఇద్దరున్నారు, కథలో అర్జునుడు ఒక్కడే. ఆయన కాస్త ఆలోచించి చిడతలు మోగించాడు. తపస్సు చెడగొట్టడానికి మూకాసురుడు పంది రూపంలో వచ్చాడని ఎత్తుకున్నాడు. కథలో పంది ఉన్నమాట నిజమే... మాను ఎక్కిన పంది మాత్రం మా ఊళ్ళోనే. జనం కడుపులు పట్టుకుని నవ్వారు. జీవితమంతా అర్జునుడై, చివరికి పంది అయ్యాడు తాత.

భాగవతార్‌తో ఏడాది పొడుగునా మాట్లాడలేదు. మళ్ళీ భారతం వచ్చింది. నాయన వెనక లేకపోతే ఎక్కనని చిన్నాయన మొండికేశాడు. అవ్వ ఒట్టు గుర్తుచేసింది. తాత తాపీగా వక్క నములుతూ అన్నాడు.

"నేను ఒట్టేసింది అర్జునుడు కట్టనని గదా. పందికి ఒట్టేముండాది?"

అవ్వ లోపలికి పోయి నల్ల కంబళి తెచ్చి ఆయన మీదికి విసిరింది.

అప్పటి నుంచి ప్రతి ఏడూ అర్జునుడి వెనక నల్ల కంబళి కప్పుకుని పంది ఎక్కేది. ఏటేటా పంది ఎక్కే ఎత్తు తగ్గుతూ వచ్చింది... తొంభై దగ్గరపడ్డాక నేల మీదే నిలబడి, మానుకు చెయ్యి ఆనించి పైకి చూసేవాడు. అప్పటికి చిన్నాయనకు భయం ఎప్పుడో పోయింది. అయినా మొదటి మెట్టు ఎక్కే ముందు పంది ఉందా లేదా అని వెనక్కి చూసుకునేవాడు. తొంభై దాటాక ఒక మధ్యాహ్నం, భోంచేసి పడుకున్న తాత లేవలేదు.

పోయినేడు తపస్సుకు ఊరికి వెళ్ళాను. మా ఇంటి హక్కు మేమే వదిలేశాం, వేషాలు ఇప్పుడు వేరే పిల్లలు కడుతున్నారు. అర్జునుడి నడుముకు గట్టి తాడు కట్టారు. వెనక నల్ల కంబళి కప్పుకుని ఒక కుర్రాడు సగం దాకా ఎక్కాడు. పంది ఎందుకని నా పక్కన ఎవరో అడిగితే, భారతంలో మొదటి నుంచీ ఉందని ఇంకొకరు చెప్పారు.

తాడు ఉంది కాబట్టి అర్జునుడు ఎవరి భుజం మీదా కాలు పెట్టలేదు. పంది ఊరికే ఎక్కి, ఊరికే దిగింది...

మీ ఇంటి పెద్దాయన మొండితనం వల్ల మీ ఊళ్ళో పుట్టిన ఆచారం ఏదైనా ఉంటే రాయండి. అది ఎందుకు పుట్టిందో తెలిసినవాళ్ళు ఉండగానే...