రెండు చెవుల్లో రెండు రకాలుగా మోగిన పాట

ఆ పొద్దు పొయ్యి మీద పాలు పెట్టి, చెల్లెలు లక్ష్మి పంపిన వీడియో ఇంకోసారి చూద్దామని ఫోన్ తీశాను. హగరి వ్యవసాయ ఫారంలో మా నాయన పనిచేసిన రోజుల ఫోటోలన్నీ కూర్చి, వెనకాల ఒక పాట పెట్టింది. పాటంటే మాటలేం లేవు. ఎవరో కంప్యూటర్‌లో కట్టిన కీబోర్డు బాణీ, దాని కింద పాత క్యాసెట్ తిరిగేటప్పటి గరగర. అప్పట్లో పాత ఫోటోలు పెట్టే ప్రతివాళ్లూ ఆ పాటే వాడుతుండేవాళ్లు. నాకూ పిచ్చిగా నచ్చింది. నాయన జొన్నచేలో నిలబడి నవ్వే ఫోటో వచ్చేసరికి బాణీ మెల్లగా పైకి లేస్తుంది.

ఆ రోజు మాత్రం పాట విరిగినట్టుంది. ఒకే బాణీని ఇద్దరు రెండు శ్రుతుల్లో వాయిస్తున్నట్టు వినబడింది.

మా ఆయన తిప్పేస్వామికి బళ్లారి బజార్లో మొబైల్ రిపేరు షాపు ఉంది. ఫోన్ ఆయన చేతికిచ్చి, "స్పీకర్ పోయినట్టుండాది, చూడప్పా" అన్నాను.

ఆయన విని, "బాగానే మోగుతాండాది కదే. ఏంది నీ బాధ?" అన్నాడు.

ఫోన్ కుడిచెవికి పెట్టుకుంటే పాట సరిగ్గా ఉంది. ఎడమచెవికి పెట్టుకుంటే దూరంగా, ఖాళీ బిందెలోంచి వచ్చినట్టుంది. సండూరు కొండ ఎక్కే బస్సులో చెవులు గప్పున మూసుకుపోతాయే, అచ్చం అట్లా. జలుబేమో, అదే పోతుందిలే అనుకున్నాను. మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చి వేసుకున్నాను. మా అత్త వెల్లుల్లి కాచిన నూనె పోసింది. ఇట్లా కొన్ని రోజులు పోయాయి. చెవిలో కుయ్యిమని ఒక మోత కూడా మొదలైంది.

తర్వాత ఒకరోజు గాంధీనగర్‌లో రోడ్డు దాటుతుంటే ఎడమవైపు నుంచి ఆటో వచ్చింది. నాకు చప్పుడే తెలియలేదు. బ్రేకు వేసి, "కివి కేళల్వేనమ్మా?" అని అరిచాడు డ్రైవరు. చెవి వినబడదా అని. నేరుగా మా ఆయన షాపుకు పోయి, "ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోదాం పద" అన్నాను.

ఈఎన్‌టీ డాక్టరమ్మ చెవిలోకి లైటు వేసి చూసింది. "గులిమి లేదు, చెవి పర్దా బాగుంది" అంది. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నుదుటి మీద పెడితే ఆ మోత కుడివైపే వినబడింది. అది చెప్పగానే ఆమె ముఖం మారింది. పక్కనే చిన్న గదిలో ఆడియోగ్రామ్ తీశారు. హెడ్‌ఫోన్ పెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఎడమచెవి వంతు వచ్చాక ఎంతసేపు కూర్చున్నా ఏమీ రాలేదు. మిషన్ ఆపేశారేమో అనుకున్నాను. అద్దం అవతలి అమ్మాయి నన్నే చూస్తూ ఉంది.

"సడన్ సెన్సరీన్యూరల్ హియరింగ్ లాస్. లోపలి నరం సంగతి. ఇది ఎమర్జెన్సీ అమ్మా, యాకె ఇష్టు లేట్ మాడిద్రి?" అంది డాక్టరమ్మ.

ఇంత ఆలస్యం ఎందుకు చేశావని. ఇంట్లో జీన్స్ కుట్టే మిషన్ రోజంతా నడుపుతాను, దాని సద్దు వల్ల వచ్చిందేమోనని అడిగాను. "చానామందికి కారణం తెలీదు. నిన్ను నువ్వు తిట్టుకోవద్దు. ఈ రోజే స్టెరాయిడ్ మొదలుపెడదాం. పూర్తిగా వస్తుందని మాత్రం మాటివ్వలేను" అంది.

నరం మీద గడ్డ ఏమైనా ఉందేమో చూడాలని ఎంఆర్ఐ కూడా రాసింది. రిపోర్టు చూసి గడ్డ లేదన్నారు. ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. మా ఆయన పక్కన కూర్చుని, "ఇంక లే, టీ తాగుదాం" అన్నాడు. ఆయన కళ్లూ ఎర్రగానే ఉన్నాయి.

స్టెరాయిడ్ మాత్రలతో షుగర్ పెరిగింది, ముఖం ఉబ్బింది, నిద్ర పట్టలేదు. ప్రతిదానికీ కోపమే. గిన్నె కింద పడితే చాలు, అది తలలో సుత్తిలా తగిలేది. అంత బాధపడ్డాక రెండో ఆడియోగ్రామ్ తీస్తే మెరుగు కొంచెమే కనిపించింది. "పర్దా లోపలికే ఇంజెక్షన్ ఇద్దాం" అంది డాక్టరమ్మ. ఇంట్రాటింపానిక్ అంటారు. మందు లోపల నిలవాలని చెవి పైకి పెట్టి పడుకోబెట్టారు, ఉమ్మి కూడా మింగవద్దన్నారు. గది గిర్రున తిరిగింది. మా ఆయన నా చెయ్యి వదలలేదు.

ఆ ఇంజెక్షన్లు నడిచిన వారాల్లో నేను నమ్ముకున్న పరీక్ష ఆ పాటే. డాక్టరమ్మను అడిగితే, చిన్న సౌండ్‌తో వినవచ్చు అంది. పొద్దున్నే ముందు కుడిచెవికి, తర్వాత ఎడమచెవికి పెట్టుకునేదాన్ని. మొదట్లో ఎడమవైపు గరగర ఒక్కటే. తర్వాత తబ్ తబ్ మనే తాళం దెబ్బలు తెలిశాయి. ఆ తర్వాత బాణీ వచ్చింది, కానీ వంకరగానే. రోజు రోజుకీ రెండు శ్రుతులు దగ్గరయ్యాయి. ఒక పొద్దు రెండు చెవుల్లో ఒకే పాట మోగింది. అయినా మధ్యలో ఒకచోట బాణీ జారి, ఊగి, మళ్లీ లేస్తోంది. ఇంత చేసినా చెవి పూర్తిగా బాగవలేదనుకుని లక్ష్మికి ఫోన్ చేశాను.

"ఆడ నాయన ఫోటో వచ్చే ముందర ఇంకా వణుకుతాండాదే. నాకింక ఇంతేనేమో" అన్నాను.

అది పగలబడి నవ్వింది. "అక్కా, అది పాటలోనే ఉండాది! పాత క్యాసెట్ టేపు సాగినట్టు కావాలనే అట్ల పెట్టినారు. నాకూ అట్లే వినబడుతుంది, నువ్వే ముందు గమనించలేదు."

"నిజంగానా?"

"నాయన మీద ఒట్టు."

ఫోన్ పట్టుకుని ఇద్దరమూ నవ్వాము. అంత తేలిగ్గా ఊపిరి తీసుకుని ఎన్నాళ్లయిందో.

చివరి ఆడియోగ్రామ్‌లో చానా వరకు తిరిగి వచ్చింది. పైస్థాయి చప్పుళ్లు కొన్ని ఇప్పటికీ తక్కువగానే తెలుస్తాయి. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ కుయ్యిమనే మోత ఉంటుంది, దానికి అలవాటు పడ్డాను. షుగర్ మామూలుకొచ్చింది. మిషన్ కుట్టేటప్పుడు చెవులకు ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటాను. సంతలో జనం మధ్య మాట్లాడాలంటే మా ఆయన్ను కుడివైపుకు రమ్మంటాను.

ఇది చదివేవాళ్లకు ఒక్క మాట. ఉన్నట్టుండి ఒక చెవి మూసుకుపోతే, లేదా పాట, మాట ఒకవైపు వంకరగా వినబడితే, నూనె పోయకండి, రేపు చూద్దామనుకోకండి. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పోయి ఆడియోగ్రామ్ తీయించమని అడగండి. నాకు ఆలస్యంగా పోయినా దక్కింది, అందరికీ దక్కుతుందని చెప్పలేను.