సముద్ర మట్టానికి పైన ఒక బజ్జీల కొట్టు

మా నరసరావుపేటలో ఎండాకాలం ఇబ్బంది ఎండ కాదు. మిట్టమధ్యాహ్నం చెమటలు కక్కుతూ నడిచొచ్చినవాణ్ణి నీడలో కూర్చున్నవాడు "ఎండగా ఉందా?" అని అడగడం. దానికి సరైన జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. ఎనభైల మధ్యలో ఒక మే నెలలో మా మున్సిపల్ ఆఫీసు మెట్లెక్కి వచ్చిన ఒకాయన్ని అలవాటు కొద్దీ నేనూ అదే అడిగాను. ఆయన తల తుడుచుకుని, "ఎండ సంగతి ఉంచండి. మీ ఊళ్ళో నీళ్ళు ఎటు పోతయ్?" అన్నాడు.

ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగాను. తెలియదని చెప్పాల్సి వచ్చింది.

హిస్టరీలో బి.ఏ. చదివాను కాబట్టి నన్ను ఇంజనీరింగ్ సెక్షన్లో గుమాస్తాగా వేశారు. వచ్చినాయన సర్వేయరు. మున్సిపాలిటీకి సొంత సర్వేయరు పోస్టు లేకపోలేదు. అది ఏళ్ళ తరబడి ఎంతో క్రమశిక్షణతో ఖాళీగా ఉంటోంది. కాలవ తవ్వాలన్నా రోడ్డు వెయ్యాలన్నా కొలిచే మనిషి కావాలి గనక, ఆ ఏడు మా ఇంజనీరుగారు కొత్త పద్ధతి పెట్టారు. బయటి సర్వేయర్లను ముగ్గుర్ని ఎంచుకోవడం, పని పడ్డప్పుడల్లా కబురు పెట్టడం. ఈసారి ఒకరి వంతు, తర్వాత మరొకరి వంతు. పిలిస్తే రావాలి, కొలవాలి, వెళ్ళిపోవాలి. కుర్చీ ఉండదు, హాజరుపట్టీ ఉండదు. ఎవరి బావమరిదికీ పని ఇప్పించడానికి వీల్లేని పద్ధతి కావడంతో ఆఫీసులో కొందరికి అది పెద్ద అన్యాయంగా తోచింది.

గుంటూరు నుంచీ, మాచర్ల, గురజాల వైపు నుంచీ దరఖాస్తులు వచ్చాయి. ఇంజనీరుగారు కవర్లు చించి చూసి పక్కన పెట్టారు.

"కాయితాల్లో అందరూ మొనగాళ్ళేనయ్యా. నడిపించి చూద్దాం" అన్నారు.

పరీక్ష ఏమిటంటే, రిక్షా స్టాండు పక్కనున్న రాయి దగ్గర బయలుదేరాలి. వీధి వీధికీ ఎత్తుపల్లాలు చూసుకుంటూ ఊరు చుట్టి, మళ్ళీ ఆ రాయి దగ్గరికే రావాలి. మనిషి తిరిగొస్తే చాలదు, బయలుదేరినప్పటి అంకె కూడా తిరిగి రావాలి.

ఆ రాయి దొరల కాలం నాటిది. మీద ఉలితో చెక్కిన బాణం గుర్తు ఉంటుంది. అది సముద్ర మట్టానికి ఎంత పైన ఉందో ఆఫీసులోని పాత నక్షాలో రాసి ఉంది. ఊళ్ళో ఏ ఎత్తు లెక్క కట్టాలన్నా దాని దగ్గరే మొదలు. ఊరివాళ్ళకు మాత్రం అది పోతురాజు. పసుపు పూసి, కుంకుమ పెట్టి, సున్నం కొట్టిన గద్దె మీద నిలబెట్టుకున్నారు. అందువల్ల, మర్నాడు పొద్దున్నే పరీక్షకు దిగిన మా సర్వేయరు చెప్పులు విడిచి, "తప్పయితే కాయి సామీ" అని దణ్ణం పెట్టి, గీతల కొలకర్రను దేవుడి నెత్తిన నిలబెట్టించాడు. మేమంతా భక్తిగా చూశాం.

ఆయన మాటకారి. తన డిప్లొమా గురించీ, తన మీసం గురించీ ఆయనకు మంచి అభిప్రాయం ఉండేది. నా పని గొడుగు పట్టడం. ఆయనకు కాదు, ఆయన కొలత యంత్రానికి. దాని మీద ఎండ పడితే మట్టం చూపించే బుడగ కదిలిపోతుందట. రోహిణి కార్తెలో పల్నాడు ఎండకు నేను మాడుతూ ఒక ఇత్తడి గొట్టానికి నీడ పట్టడం నా చదువుకు దక్కిన మొదటి గౌరవం.

ఒకచోట, "చూస్తారా?" అని పక్కకు తప్పుకున్నాడు. గొట్టంలో కన్ను పెట్టాను. దాని అద్దాల మహిమేమో, ఊరంతా తలకిందులుగా వేలాడుతోంది. మేడలు కిందికి పెరుగుతున్నాయి. బిందె చంకనేసుకుని ఒకావిడ ఆకాశం మీద నడిచిపోతోంది, ఒక్క చుక్క కూడా ఒలకలేదు. వీటన్నిటి మధ్యా వెంట్రుక లాంటి గీత ఒకటి, ఏమీ పట్టనట్టు అడ్డంగా నిలబడి ఉంది. ఆ గీత ఎంత దూరం పోయినా వంగదు, లేవదు అన్నాడాయన. సముద్రం చూడాలంటే బాపట్ల దాటిందాకా పోవాల్సిన మాకు, సముద్రం మా కాళ్ళకింద ఇంత లోతున ఉందని ఎవరూ చెప్పలేదు. గొడుగు పక్కకు పోయిందని ఆయన తిట్టేదాకా గొట్టంలోంచి కన్ను తియ్యలేదు.

సాయంత్రానికి రాయి దగ్గరికి తిరిగొచ్చాం. పొద్దుటి అంకె, సాయంత్రపు అంకె కలిశాయి. అంత గందరగోళపు ఊరును చుట్టబెట్టి, గేదెలనూ లారీలనూ తప్పించుకుని, ఒక అంకె చెక్కుచెదరకుండా ఇంటికి రావడం నా వరకు దైవదర్శనం కంటే తక్కువ కాదు. ఇంజనీరుగారు ఆయన పేరు మొదట రాసుకున్నారు.

మొదటి పిలుపు బజ్జీల అత్త సందుకు. ఆవిడ నాకు చుట్టం కాదు, సందులో అందరికీ అత్తే. ఇంటి ముందుభాగంలో బజ్జీలు వేస్తుంది. భర్త క్వారీలో పనిచేసినన్నాళ్ళూ రాయి రాయి తెచ్చి కట్టుకున్న ఇల్లు. సందులో మురుగు నిలుస్తోంది, దాన్ని పెద్ద కాలవలో కలపాలి. సర్వేయరు కొలిచాడు, లెక్క కట్టాడు, మీసం మీంచి చెయ్యి తీశాడు.

"సందు పెద్ద కాలవ కంటే పల్లంలో ఉంది. నీళ్ళు ఎక్కవు. ముందు రోడ్డు మోకాలెత్తు లేపాలి."

"రోడ్డు లేస్తే మరి నా ఇల్లో?" అంది అత్త.

"గుంటలో పడుద్ది."

అత్త గరిటె పక్కన పెట్టింది. "వానొస్తే రోడ్డు మీద నీళ్ళన్నీ నా గడప దాటి పొయ్యిలోకొస్తయ్. ఇల్లు ఎత్తు లేపేదానికి నాకాడేముంది? ఏందయ్యా, మీరు కొలవనన్నాళ్ళూ బానే ఉంటిమి గదా!"

ఆయన ఆఫీసుకొచ్చి ఆ లెక్క కింద సంతకం పెట్టబోయి ఆగాడు.

"ఏంది?" అన్నారు ఇంజనీరుగారు.

"పెద్ద కాలవ లోతు మీ నక్షాలోది సార్. నేను కొలిచింది కాదు. ఇంకొకరి కొలతకు నేను సంతకం పెట్టను."

మర్నాడు ప్యాంటు మడిచి మురుగులోకి స్వయంగా దిగాడు. నేను గట్టు మీద, ముక్కు మూసుకున్న చేత్తో కాకుండా రెండో చేత్తో గొడుగు పట్టాను. లెక్క చూస్తే, కాలవ అడుగు నక్షాలో ఉన్నదానికంటే మోకాలెత్తు కిందికి ఉంది.

"సిమెంటు కాలవ అంత దిగబడదు సార్."

"అయితే ఊరంతా కుంగిందంటావా?" అన్నారు ఇంజనీరుగారు.

లెక్క మొదలైన చోటే చూద్దామని ముగ్గురం రిక్షా స్టాండుకు నడిచాం. అక్కడున్న తాతను సర్వేయరు అడిగాడు.

"తాతా, ఈ గద్దె ఎప్పుడు కట్టారు?"

"పోయినేడు. అంతకుముందు సామి నేలమీదే ఉండేవోడు. ఎదవ కుక్కలు వచ్చి కాలెత్తిపోతుండె. చూళ్ళేక తలా ఒక చెయ్యేసి పైన పెట్టాం."

"రాయిని పెకలించారా?"

"ఊరికే పెకలిస్తామా? కోడిని కోసే పెకలించాం."

సర్వేయరు గద్దె పక్కన కాలు పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా మోకాలికి వచ్చింది. ఊరి ఎత్తులన్నిటికీ మొదలైన రాయిని, కుక్కల బాధ పడలేక, ఊరివాళ్ళు పూజ చేసి మరీ లేపారు. రోజూ అటుగా పోతున్న మేమెవరమూ ఏమీ అనుకోలేదు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. చెప్పులు విడిచి రాయికి మళ్ళీ దణ్ణం పెట్టాడు.

"ఊరు కుంగలేదు సార్. దేవుడు లేచాడు."

మళ్ళీ లెక్క కట్టాడు. గద్దె ఎత్తు కలుపుకుంటే సందు పెద్ద కాలవకు పైనే ఉంది. రోడ్డు కదపక్కర్లేదు. అత్తకు ఆ మాట చెప్పడానికి ఇద్దరం వెళ్ళాం. ఆయన ఆవిడ గడప మీద కొలకర్ర నిలబెట్టించి, అది సముద్రానికి ఎంత పైన ఉందో చెప్పాడు. అత్త గడప వంక చూసింది, కొంగుతో ఒకసారి తుడిచింది.

"నా గడప సముద్రానికి పైనుందా?" అంది చిన్నగా.

నూనె కాగిపోతున్న వాసన వస్తోంది.

తర్వాత పొయ్యి దగ్గరికి పోయి, "అయితే కాలవ కట్టేటప్పుడు ఈయనే వచ్చి గుర్తులు పెడతాడా?" అని నన్ను అడిగింది.

మున్సిపాలిటీ తరఫున నిజం చెప్పాల్సి వచ్చింది. "లేదత్తా. అప్పటికి ఎవరి వంతయితే వాళ్ళొస్తారు."

అత్త పిండిలో చెయ్యి పెట్టింది.

"నిన్న పల్లమన్నాడు, ఇయ్యాల మెరకన్నాడు. ఆ రెండోవోడు కూడా వచ్చి ఏమంటాడో చూసి, అప్పుడు నిద్దరపోతాలే."